కాయిల్ మార్చేముందు మీటర్ పెట్టండి: పాత కార్లలో ఇగ్నిషన్ కాయిల్, రెసిస్టర్ వైరింగ్ లోపాలు వెతికి పట్టుకోవడం ఎలా

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, మాసబ్ ట్యాంక్ సిగ్నల్. నాన్న నడిపి నడిపి నా చేతికిచ్చిన ప్రీమియర్ పద్మిని రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ హుషారుగా తిరుగుతోంది, అంటుకోవడం మాత్రం లేదు. నలుగురు కలిసి పక్కకు తోశారు. ‘ఎండకి పెట్రోలు లైను ఎయిర్ లాక్ అయింది సార్, పంపు మీద తడిగుడ్డ వేయండి’ అన్నాడు ఆటో అన్న. వేశాను. ముప్పావు గంటకి ఏమీ జరగనట్టు స్టార్టయింది. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ.

అలా ఎనిమిది నెలలు సాగింది. అందులో రెండుసార్లు ప్లగ్గులకి నిప్పు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ మార్పించాను. ప్రతిసారీ కొత్త కాయిల్ వేయగానే కారు బాగానే నడిచేది, నెలా రెండు నెలలకి మళ్లీ మొరాయించేది. చివరికి మీటరు తెచ్చుకుని నేనే కూర్చుంటే పది నిమిషాల్లో సంగతి తేలింది. నా కారులో కాయిల్‌కి పోయే కరెంటును తగ్గించే రెసిస్టర్ లేదు. వేసిన కాయిళ్లు రెండూ రెసిస్టర్‌తోనే వాడాల్సిన రకం. అది కొత్త కాయిల్ తెచ్చుకుంటే తీరే జబ్బు కాదు.

కాయిల్, రెసిస్టర్ ఒక జోడీ. ఏది ఉంది, ఏది లేదు, ఎన్ని ఓములు అన్నది తెలియకుండా ఒకటి మారిస్తే రెండోదాన్ని చంపుతాం, లేకపోతే పాయింట్లను (నిప్పును ప్లగ్గులకి పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ కరెంటును కలిపి తెంపే చిన్న స్విచ్) కాలుస్తాం. ఈ పద్ధతి ప్లాటినం పాయింట్లు, కండెన్సర్, డిస్ట్రిబ్యూటర్ ఉన్న 12 వోల్టుల పాత కార్లన్నిటికీ పనికొస్తుంది: పాత అంబాసిడర్, పద్మిని, హెరాల్డ్, మన దగ్గర ఇంకా తిరుగుతున్న బ్రిటిష్, అమెరికన్, జర్మన్ కార్లు.

అసలు అక్కడ జరిగేది ఏమిటి

కాయిల్ లోపల ఇనుప రేకుల మీద రెండు చుట్టలు ఉంటాయి. ఒకటి లావు తీగతో కొన్ని వందల చుట్లు, రెండోది వెంట్రుకలాంటి తీగతో వేల చుట్లు. పాయింట్లు మూసుకున్నప్పుడు లావు చుట్టలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం నిండుతుంది. పాయింట్లు తెరుచుకున్న క్షణంలో అది కుప్పకూలి, సన్న చుట్టలో 15 నుంచి 25 వేల వోల్టులు పుడతాయి. అది ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ అవుతుంది. పాయింట్ల మధ్యే ఆ నిప్పు వృథాగా రాలిపోకుండా కాపాడేది కండెన్సర్.

మరి రెసిస్టర్ ఎందుకు? సెల్ఫ్ మోటార్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి 9, 10కి పడిపోతుంది. నిప్పు గట్టిగా కావలసింది సరిగ్గా అప్పుడే. అందుకని 7, 8 వోల్టులకే బాగా పనిచేసే కాయిల్ పెట్టి, మామూలుగా నడిచేటప్పుడు మిగతా వోల్టేజిని రెసిస్టర్‌లో ఖర్చు చేయిస్తారు. సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం ఒక విడి వైరు రెసిస్టర్‌ని దాటించి బ్యాటరీ కరెంటును నేరుగా కాయిల్‌కి ఇస్తుంది. దీన్ని బైపాస్ వైరు అందాం. చాలా కార్లలో ఇది స్టార్టర్ సోలెనాయిడ్ (సెల్ఫ్ మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్) మీద ఉండే చిన్న టెర్మినల్ నుంచి వస్తుంది.

అంకెలు గుర్తుపెట్టుకోండి. రెసిస్టర్ అక్కర్లేని మామూలు 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ, అంటే లావు చుట్ట, సుమారు 3 ఓములు ఉంటుంది. రెసిస్టర్‌తో వాడే కాయిల్ సుమారు 1.5 ఓములు, దానికి జతగా వచ్చే రెసిస్టర్ కూడా దాదాపు అంతే. ఎలా చూసినా మొత్తం 3 దగ్గరికి రావాలి.

ఇంజిన్ నడుస్తూ 13.8 వోల్టులు ఉందనుకుందాం. 3 ఓములకి 4.6 ఆంపియర్లు పారుతుంది. పాయింట్లు దీన్ని తట్టుకుంటాయి. రెసిస్టర్ లేకుండా 1.5 ఓముల కాయిల్ వేస్తే 9.2 ఆంపియర్లు. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలు. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు ఆ కాయిల్‌లో 32 వాట్లకు బదులు 127 వాట్లు కాలుతుంది. నా బానెట్ కింద జరిగింది ఇదే. తప్పు రెండోవైపు జరిగితే, అంటే 3 ఓముల కాయిల్‌కి రెసిస్టర్ కూడా తగిలిస్తే, కరెంటు 3 ఆంపియర్లకి పడిపోతుంది, నిప్పులో శక్తి సగానికన్నా తగ్గుతుంది. కారు నడుస్తుంది గానీ పొద్దున్నే స్టార్ట్ కాదు, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్ కొడుతుంది. ఇలాంటి కారుకి కార్బురేటర్ ట్యూనింగ్ ఎన్నిసార్లు చేయించినా లాభం ఉండదు.

ఏమేం కావాలి

డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్ ఒకటి, పాయింట్ల సందు కొలిచే ఫీలర్ గేజ్, సన్న ఎమరీ పేపర్, రెండు చివర్లా క్లిప్పులున్న మీటరు పొడవు వైరు, ఒక మంచి ప్లగ్గు. మీటరు, క్లిప్పులు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, వైరు ట్రూప్ బజార్‌లో. కాయిల్, పాయింట్లు, కండెన్సర్ కోసం రాణీగంజ్ వైపు వెళ్లేవాళ్లు పాతవి ఊడదీసి చేతిలో పట్టుకెళ్లండి. ‘పద్మిని కాయిల్ ఇవ్వండి’ అని ఊరుకోకుండా ‘3 ఓముల కాయిల్ ఇవ్వన్నా, రెసిస్టర్ లేనిది’ అని అడగండి. కౌంటర్ మీదే మీటర్ పెట్టి చూసుకోండి. మంచి షాపువాళ్లు కాదనరు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ మీద ఉండాలి. ప్లగ్గు నిప్పు పరీక్ష కార్బురేటర్‌కి దూరంగా చేయాలి, పెట్రోలు వాసన ఉంటే అసలు చేయకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు నడుస్తున్న ఇగ్నిషన్ దగ్గరికి రావద్దు. ఇంకొకటి, చాలామంది మరిచేది: ఇంజిన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేయకండి. పాయింట్లు మూసుకున్న స్థితిలో ఆగితే కరెంటు ఆగకుండా పారుతూ కాయిల్‌ను ఉడికిస్తుంది. కొలవండి, వెంటనే తాళం ఆఫ్ చేయండి.

మొదటి పని: మీ కారులో ఉన్నదేమిటో తెలుసుకోండి

బానెట్ ఎత్తి కాయిల్ చూడండి. పైన రెండు చిన్న టెర్మినల్స్, మధ్యలో లావు వైరు దూరే గుంట. చిన్న టెర్మినల్స్ మీద ప్లస్, మైనస్ గుర్తులుండొచ్చు. పాత లూకాస్ కాయిళ్ల మీద ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటుంది: ఎస్‌డబ్ల్యూ అంటే స్విచ్ వైపు, సీబీ అంటే కాంటాక్ట్ బ్రేకర్, మన పాయింట్ల వైపు. జర్మన్ పద్ధతిలో 15 అంటే స్విచ్ వైపు, 1 అంటే పాయింట్ల వైపు. కాయిల్ ఒంటి మీద ‘రెసిస్టర్‌తో మాత్రమే వాడాలి’ అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ రాత ఉందేమో తుడిచి చూడండి. నా కాయిల్ మీద ఆ రాత క్లాంపు కింద దాక్కుని ఉంది.

రెసిస్టర్ సాధారణంగా తెల్లటి పింగాణీ ఇటుక ముక్కలా, కాయిల్ పక్కనో ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ లోపలి సీట్లకీ మధ్య రేకు గోడ) మీదో బిగించి ఉంటుంది. కనబడలేదు కదా అని లేదనుకోవద్దు. 1970ల బ్రిటిష్ కార్లలో చాలావాటికి విడి రెసిస్టర్ ఉండదు, వైరింగ్ కట్టలోనే ఒక రెసిస్టెన్స్ వైరు పరుగెడుతుంది. అసలు రంగులు మిగిలి ఉంటే గులాబీ మీద తెల్ల గీత అదే. తెల్లది స్విచ్ నుంచి వచ్చే కరెంటు, తెలుపు మీద పసుపు గీత బైపాస్, తెలుపు మీద నలుపు గీత కాయిల్ నుంచి పాయింట్లకి పోయేది. కాకపోతే నలభై ఏళ్లలో నలుగురు ఎలక్ట్రీషియన్ల చేతిలో పడ్డ కారులో రంగును నమ్మకండి, మీటర్‌నే నమ్మండి. ఆ రెసిస్టెన్స్ వైరును మామూలు వైరు అనుకుని కత్తిరించి కొత్తది వేసేసిన కార్లు ఉన్నాయి. అలా చేసిన రోజు నుంచే కాయిళ్లు పోవడం మొదలవుతుంది.

బ్యాటరీ ఎర్త్ కూడా ఇప్పుడే చూసుకోండి. 1960ల మధ్య వరకు వచ్చిన చాలా బ్రిటిష్ కార్లకి పాజిటివ్ ఎర్త్, అంటే ప్లస్ కేబుల్ బాడీకి. అలాంటి కారులో కాయిల్ ప్లస్ పాయింట్లకి, మైనస్ స్విచ్‌కి వెళ్లాలి. ఎప్పుడో నెగెటివ్ ఎర్త్‌కి మార్చి కాయిల్ వైర్లు అలాగే వదిలేస్తే నిప్పు ప్లస్, మైనస్ తిరగబడి బలహీనమవుతుంది, కారు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

రెండో పని: వైర్లు విప్పి ఓములు కొలవడం

తాళం ఆఫ్. కాయిల్ రెండు చిన్న టెర్మినల్స్ వైర్లు విప్పండి. ఏది ఎక్కడిదో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. మీటరును 200 ఓముల రేంజ్‌లో పెట్టి, ముందు రెండు మొనలూ ఒకదానికొకటి ఆనించండి. 0.2, 0.3 ఇలా ఏదో చూపిస్తుంది. అది మీటరు వైర్ల సొంత నిరోధం. ప్రతి కొలతలోంచీ దాన్ని తీసేయాలి. ఒకటిన్నరకీ మూడుకీ తేడా పట్టుకునే పనిలో ఈ 0.3 చిన్నదేమీ కాదు.

ఇప్పుడు రెండు చిన్న టెర్మినల్స్ మధ్య కొలవండి: 3కి దగ్గరగానా, 1.5కి దగ్గరగానా? అసలు ఏమీ చూపకపోతే లోపల చుట్ట తెగింది. తర్వాత మీటర్‌ని 20 కిలో ఓములకి తిప్పి, మధ్య గుంటకీ ఒక చిన్న టెర్మినల్‌కీ మధ్య చూడండి. మామూలుగా 6 నుంచి 15 కిలో ఓముల మధ్య వస్తుంది. చిన్న టెర్మినల్‌కీ కాయిల్ డబ్బా లోహానికీ మధ్య ఏమీ రాకూడదు. రెసిస్టర్ ఉంటే దాన్నీ వైర్లు తీసి కొలవండి. పింగాణీ వెనకవైపు తిప్పి చూడండి, తీగ తెగి నల్లబడి ఉండొచ్చు.

కాయిల్ చల్లగా ఉన్నప్పుడు ఓములు సరిగ్గా వచ్చినా అది బాగుందని పూచీ లేదు. లోపలి ఇన్సులేషన్ వేడికి మాత్రమే విడిపోయే కాయిళ్లు ఉంటాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మూడో పని: తాళం ఆన్ చేసి వోల్టేజి కొలవడం

అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది ఈ పరీక్షే. వైర్లు తిరిగి బిగించండి. డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. తాళం ఆఫ్‌లో పెట్టి, నాలుగో గేరులో కారును మెల్లగా ముందుకు తోస్తే పాయింట్లు మూసుకోవడం, తెరుచుకోవడం కంటికి కనబడుతుంది. స్టార్టింగ్ హ్యాండిల్ ఉన్న అంబాసిడర్ అయితే దాంతో ఇంజిన్‌ని తిప్పండి. కావలసిన చోట ఆపి, మళ్లీ న్యూట్రల్ చేసి హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఇక్కడ చెప్పే కొలతలు నెగెటివ్ ఎర్త్ కారువి: మీటరు నల్ల మొన ఎప్పుడూ ఇంజిన్ బ్లాక్ మీద శుభ్రమైన చోట.

ముందు పాయింట్లు మూసి, తాళం ఆన్ చేసి కొలవండి. కాయిల్ ప్లస్ దగ్గర రెసిస్టర్ లేని కారులో బ్యాటరీ వోల్టేజి కంటే అర వోల్టు మించి తక్కువ ఉండకూడదు. రెసిస్టర్ ఉన్న కారులో రెసిస్టర్ ముందువైపు దాదాపు 12, కాయిల్ వైపు 6 నుంచి 7.5 రావాలి. ఇప్పుడు కాయిల్ మైనస్: దాదాపు సున్నా, పావు వోల్టు దాటకూడదు.

తర్వాత పాయింట్లు తెరిచి ఉంచండి. మీటరు అన్నిచోట్లా దాదాపు 12 చూపించాలి, కాయిల్ మైనస్ దగ్గర కూడా. ఇక్కడే కొత్తవాళ్లు మోసపోతారు. పాయింట్లు తెరిచి ఉంటే కరెంటు పారదు. కరెంటు పారకపోతే రెసిస్టర్ ఏ వోల్టేజినీ తినదు. అందుకే రెసిస్టర్‌కి రెండువైపులా 12 కనిపిస్తుంది. అది చూసి ‘రెసిస్టర్ షార్ట్ అయింది’ అని పడేసినవాళ్లున్నారు. రెసిస్టర్‌ని ఎప్పుడూ పాయింట్లు మూసి ఉన్నప్పుడే కొలవాలి.

కొలతలు తప్పితే ఇలా ఆలోచించండి.

కాయిల్ ప్లస్ దగ్గర ఏమీ లేకపోతే వెనక్కి నడవండి: రెసిస్టర్ ముందు, తర్వాత ఇగ్నిషన్ స్విచ్, తర్వాత బ్యాటరీ. కరెంటు ఎక్కడ మాయమైందో దానికి ముందే లోపం. రెసిస్టర్ లేని కారులో పాయింట్లు మూసినప్పుడు ప్లస్ దగ్గర 9, 10 మాత్రమే వస్తే ఎక్కడో జాయింట్ తుప్పుపట్టింది, లేదంటే స్విచ్ లోపలి కాంటాక్టులు అరిగాయి. తాళంచెవిని చేత్తో కదుపుతూ మీటర్ చూడండి. అంకె ఊగితే దొంగ దొరికినట్టే.

పాయింట్లు తెరిచినా కాయిల్ మైనస్ సున్నా దగ్గరే ఉంటే, ఆ టెర్మినల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ వైరు విప్పి మళ్లీ కొలవండి. ఇప్పుడు 12 వచ్చిందంటే డిస్ట్రిబ్యూటర్ లోపల ఏదో బాడీకి తగులుతోంది: కండెన్సర్ షార్ట్, లేదా లోపలి చిన్న వైరు తొడుగు ఊడి ప్లేటుకి ఆనడం, లేదా పాయింట్లు బిగించేటప్పుడు ప్లాస్టిక్ వాషర్లు వరస తప్పడం. ఈ చివరిది పాయింట్లు మార్చిన రోజే బండి స్టార్ట్ కాకపోతే మొదట చూడవలసింది. పాయింట్ల స్ప్రింగు, వైరు లగ్గు (వైరు చివరి లోహపు కొస), కండెన్సర్ లగ్గు మూడూ ఒకదానికొకటి తగలాలి, బోల్టుకీ ప్లేటుకీ మాత్రం తగలకూడదు. వైరు విప్పినా సున్నాయే అయితే కాయిల్ లోపల చుట్ట తెగింది.

పాయింట్లు మూసినా కాయిల్ మైనస్ 12 దగ్గరే నిలబడితే పాయింట్ల ముఖాలు మసకబారాయి, లేదా డిస్ట్రిబ్యూటర్ లోపలి ప్లేటుకున్న సన్న ఎర్త్ వైరు తెగింది. కొత్త పాయింట్లకి తుప్పు పట్టకుండా పలచగా నూనె పొర ఉంటుంది. పెట్రోలు తడిపిన గుడ్డతో తుడవకుండా బిగిస్తే కొత్తవీ ఇలాగే మొండికేస్తాయి.

డ్యాష్‌బోర్డులో కరెంటు చూపే ఆమ్మీటర్ ఉన్న కారులో ఇంకో సులువుంది. సెల్ఫ్ బదులు హ్యాండిల్‌తో మెల్లగా తిప్పించండి. తాళం ఆన్‌లో ఉండగా పాయింట్లు మూసుకున్నప్పుడల్లా ముల్లు డిశ్చార్జి వైపు కొద్దిగా వాలి, తెరుచుకోగానే వెనక్కి రావాలి. ముల్లు కదలకుండా ఉంటే ప్రైమరీ దారి ఎక్కడో తెగింది. ఎప్పుడూ వాలే ఉంటే ఎక్కడో బాడీకి తగులుతోంది.

తాళం వదలగానే ఆగిపోయే కారు

ఈ లక్షణం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని కార్బురేటర్ మీదికి తోసి నెలలు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. సెల్ఫ్ కొట్టినంతసేపూ ఇంజిన్ అంటుకుంటుంది, తాళం వదిలీ వదలగానే చచ్చిపోతుంది. అంటే బైపాస్ వైరు బాగుంది, రెసిస్టర్ దారి తెగింది. సరిచూసుకోవడానికి క్లిప్పు వైరుతో బ్యాటరీ ప్లస్ నుంచి కాయిల్ ప్లస్‌కి నేరుగా కలపండి. స్టార్టయి నడిస్తే రెసిస్టర్‌నో దానికొచ్చే వైరునో పట్టుకోండి. ఇది అర నిమిషం పరీక్ష మాత్రమే, ఇంటికి చేరడానికి వాడే ఏర్పాటు కాదు. క్లిప్పు తీసేదాకా తాళంతో ఇంజిన్ ఆగదని కూడా గుర్తుంచుకోండి.

దీనికి తిరగేసిన లక్షణం: సెల్ఫ్ మీద ఎంతసేపు కొట్టినా అంటుకోదు, తోస్తే వెంటనే అంటుకుంటుంది. బైపాస్ వైరు ఊడింది, లేదా సోలెనాయిడ్ చిన్న టెర్మినల్ పనిచేయడం లేదు. ఒకరిని సెల్ఫ్ కొట్టమని కాయిల్ ప్లస్ దగ్గర కొలవండి. బ్యాటరీ దగ్గర అదే క్షణంలో ఉన్నంత దాదాపుగా రావాలి. రెసిస్టర్ లేని కారుకి బైపాస్ ఉండదు. అక్కడ ఇదే లక్షణం వస్తే బ్యాటరీ, ఎర్త్ కేబుళ్లు చూడండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ 9.5 కంటే కిందకి పడితే నిప్పుకి మిగిలేది ఏమీ లేదు.

ఎండ దెబ్బా, కాయిలా?

హైదరాబాద్ ఎండాకాలంలో ట్రాఫిక్‌లో ఆగిన పాత కారుకి అందరూ చెప్పేది ఎయిర్ లాకే. అదీ నిజంగా వస్తుంది, పెట్రోలు పైపులోనే ఆవిరై పంపు లాగలేకపోతుంది. వేడికి పోయే కాయిల్ కూడా అచ్చం ఇలాగే ఆగుతుంది, చల్లారాక అచ్చం ఇలాగే స్టార్టవుతుంది. తేడా పట్టుకునే సమయం ఒక్కటే: కారు ఆగిన ఆ రెండు నిమిషాలు. చల్లారాక మెకానిక్ దగ్గర ఏ పరీక్ష చేసినా అన్నీ బాగానే కనిపిస్తాయి.

అందుకే ఆ మంచి ప్లగ్గు డిక్కీలో ఉంచుకోండి. ఆగగానే కాయిల్ మధ్య వైరును డిస్ట్రిబ్యూటర్ మూత నుంచి తీసి ఆ ప్లగ్గుకి తగిలించి, ప్లగ్గు లోహాన్ని ఇంజిన్ బ్లాక్‌కి గట్టిగా ఆనేట్టు క్లిప్పు వైరుతో కట్టి, దూరం జరిగి సెల్ఫ్ కొట్టించండి. వైరు గాలిలో వదిలి సెల్ఫ్ కొట్టకండి, దారి దొరకని వోల్టేజి కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ని చీలుస్తుంది. నీలం తెలుపు నిప్పు టక్ టక్‌మని దూకుతుంటే కాయిల్ నిర్దోషి, పెట్రోలు వైపు చూడండి. నిప్పు లేకపోయినా, పసుపుగా సన్నగా వచ్చినా ఇగ్నిషన్‌దే లోపం. అప్పుడు కాయిల్ మీద తడిగుడ్డ వేయండి. అయిదారు నిమిషాల్లో నిప్పు తిరిగొస్తే కాయిలే.

కాయిల్ వేడెక్కడం తప్పేమీ కాదు, చేయి ఆనించి ఉంచలేనంత కాలితే మాత్రం అనుమానించాలి. అడుగున నూనె చెమ్మ ఉన్నా, మూతి దగ్గర సన్నగా నల్ల గీత పాకినా ఇక ఆలోచించక్కర్లేదు, మార్చేయండి. ఆ నల్ల గీత మీదుగానే జూలై వానల్లో నిప్పు బాడీకి జారిపోతుంది.

వైరింగ్ తిరిగి కట్టేటప్పుడు

ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లన్నీ కోసేసి, లగ్గులు నొక్కి, సోల్డర్ చేసి, తొడుగు వేయండి. రెసిస్టర్‌ని లోహం మీద, వైర్ల కట్టకి దూరంగా బిగించండి. చేయి కాలేంత వేడెక్కడం దాని స్వభావం. పింగాణీది దొరక్కపోతే గుజరాతీ గల్లీలో దొరికే 1.5 ఓముల, 50 వాట్ల అల్యూమినియం తొడుగు రెసిస్టర్ బాడీ రేకుకి గట్టిగా బిగిస్తే పని జరుగుతుంది.

కాయిల్ మార్చినప్పుడు పాయింట్లు, కండెన్సర్ కూడా చూడండి. ఎక్కువ కరెంటు తిన్న పాయింట్ల ముఖాలు నీలంగా మాడి గుంటలు పడి ఉంటాయి. వాటితోనే కొత్త కాయిల్‌ని నడిపితే నాలుగు రోజుల్లో మళ్లీ మిస్సింగ్. పాయింట్ల గ్యాప్ మీ కారు మాన్యువల్ ప్రకారం పెట్టండి. లూకాస్ డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత బ్రిటిష్ ఇంజిన్లకి 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఇంజిన్ నడుస్తుండగా పాయింట్ల మధ్య పెద్దగా నిప్పులు రాలుతుంటే కండెన్సర్ మార్చండి.

పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టుకునేవాళ్లు సాధారణంగా దాని పవర్ వైరును రెసిస్టర్‌కి ముందువైపు, పూర్తి 12 వోల్టులు ఉన్నచోట కలపాలి. కాయిల్ ఎన్ని ఓములుండాలో మాడ్యూల్ పెట్టె మీద చూడండి, దానికి తగ్గ కాయిల్ వేయండి.

అన్నీ బిగించాక కనీసం అరగంట నడపండి. ఎండలోనే. పీవీఎన్ఆర్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఖాళీగా తిరిగితే లాభం లేదు. మెహదీపట్నం ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోనివ్వండి. ఇంటికొచ్చి ఇంజిన్ వేడిగా ఉండగానే మూడో పనిలోని కొలతలు మరోసారి తీసుకోండి. ఆ అంకెలు, కాయిల్ ఎన్ని ఓములదో, రెసిస్టర్ ఉందో లేదో, తేదీతో సహా ఒక కాగితం మీద రాసి బానెట్ లోపలివైపు అంటించండి. నా పద్మినిలో ఆ కాగితం మీద ‘3.1 ఓములు, రెసిస్టర్ లేదు, పెట్టకూడదు’ అని ఉంటుంది. కాయిల్ మార్చడానికి చేయిపెట్టే ఎవరికైనా ముందు అదే కనబడుతుంది.